కొండకు తిరిగే ఆటోమేటిక్ బండి: గేర్‌బాక్స్ రీబిల్డ్ చేయించాలా, మార్చేయాలా?

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌లో గేర్లు జారడం మొదలైతే, తిరుపతిలో వినిపించేవి మూడే మాటలు: బాక్సు విప్పి రీబిల్డ్ చేయిద్దాం, చెన్నై పుదుపేట నుంచి సెకండ్‌హ్యాండ్‌ది తెప్పిద్దాం, లేదా కంపెనీలో కొత్తది వేయిద్దాం. టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) ఉన్న బండికైతే మా ఓటు రీబిల్డ్‌కే. అయితే కన్వర్టర్, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను గేర్లకు పంచే భాగం), ఆయిల్ కూలర్ కూడా ఆ పనిలో ఉండాలి. ఏఎంటీ, సీవీటీ, డ్యూయల్ క్లచ్ లాంటి వేరే రకం ఆటోమేటిక్ బండ్ల లెక్క వేరు.

ముందు మీటరు సంగతి పక్కన పెట్టండి. అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, అదీ రద్దీలో, బండి చిన్న గేర్లలోనే నడుస్తుంది. కన్వర్టర్‌ను జారకుండా ఇంజన్‌తో నేరుగా కలిపే లాకప్ క్లచ్ సరిగా పట్టే అవకాశం రాదు. ఇంజన్ బలంలో కొంత కన్వర్టర్‌లోని ఆయిల్‌ను చిలకడానికే పోయి వేడిగా మారుతుంది. ఆ వేడికి ఆయిల్ చెడి, సీల్స్ గట్టిపడి, ప్రెషర్ పడిపోయి, గేర్లను పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లు జారతాయి. చెన్నై హైవే మీద మూడు లక్షలు తిరిగిన బండి కంటే రోజూ కొండకు పోయే లక్షన్నర బండి బాక్సే ముందు అరిగిపోవచ్చు.

తీర్పు చెప్పేది ఆయిల్ పాన్, అంటే బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం. స్కానర్‌లో పీ0741 లాంటి లాకప్ కోడ్ ఒక్కటే వచ్చి, మిగతా గేర్లన్నీ బాగా పడుతుంటే బాక్సు మొత్తం విప్పించడానికి తొందరపడొద్దు. సోలనాయిడ్ (ఆయిల్ దారి తెరిచి మూసే కరెంటు వాల్వ్), వైరింగ్, లైన్ ప్రెషర్ చూపించాకే పాన్ దించమనండి. అయస్కాంతాల మీద బూడిద రంగు మెత్తటి ముద్ద మామూలే. వేలితో రుద్దితే నల్లటి పొట్టు తగిలి, మాడిన వాసన వస్తే ఫ్రిక్షన్ ప్లేట్లు పోయినట్టు. ఇత్తడి రంగు రజను కనిపిస్తే బుష్‌లు అరుగుతున్నాయి. మెరిసే ఇనుప ముక్కలుంటే లోపల గట్టి భాగాలే దెబ్బతిన్నాయి. ఆయిల్ గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిల్లు పడి కూలెంట్ కలిసింది. ఆ నీటికి ప్లేట్ల మీది లైనింగ్ జిగురు ఊడిపోతుంది కాబట్టి ఆయిల్ మార్చి ఊరుకుంటే కుదరదు. ‘ఆయిల్ మార్చాకే బాక్సు పోయింది’ అంటుంటారు. చాలాసార్లు అప్పటికే అరిగిపోయిన ప్లేట్లే అసలు కారణం.

రీబిల్డ్ అని బిల్లు రాసి గాస్కెట్ కిట్ ఒక్కటే మార్చడం, ఈ పనిలో అన్నిటికంటే పెద్ద మోసం. ఫ్రిక్షన్, స్టీల్ ప్లేట్లు, బుష్‌లు, టెఫ్లాన్ రింగులు, పిస్టన్ సీల్స్, ఫిల్టర్ అన్నీ కొత్తవి పడాలి. కన్వర్టర్‌ను లేత్ మీద కోసి, లాకప్ లైనింగ్ మార్చి, వెల్డింగ్ చేసి, బ్యాలెన్స్, లీక్ టెస్ట్ చేయాలి. దాన్ని పైపైన కడిగితే లోపలి రజను పోదు, బండి కదలగానే అదే వచ్చి వాల్వ్ బాడీలో చేరుతుంది. కూలర్ కూడా అంతే: ఫ్లష్ చేయాలి, అనుమానముంటే మార్చేయాలి. వాల్వ్ బాడీ బోర్లు అరిగాయో లేదో వాక్యూమ్ టెస్ట్‌లో తెలుస్తుంది.

కొత్త ప్లేట్లను బిగించే ముందు కనీసం అరగంట ఏటీఎఫ్‌లో, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌లో నానబెట్టాలి. భాగాలు కదలకుండా నిలపడానికి వేసలీన్ వాడాలి తప్ప, ఏటీఎఫ్‌లో కరగని చాసిస్ గ్రీజు వాడితే అది పోయి ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది. క్లచ్ ప్యాక్‌ల క్లియరెన్స్ ఫీలర్ గేజ్‌తో కొలిచి రాసివ్వమనండి. మూసేముందు గాలి కొట్టి పిస్టన్లు కదులుతున్నాయో లేదో చూపించమనండి. కొలతలు అడిగితే ముఖం చిట్లించే షెడ్డులో బండి వదలొద్దు. విప్పాక ప్లేట్లు కూర్చునే డ్రమ్‌లో గాడి పడి, ఆయిల్ పంపు, ప్లానెటరీ పళ్ల చక్రాలు కూడా పోయి ఉంటే లెక్క మారుతుంది. మొత్తం ఖర్చు బండి ఇప్పటి అమ్మకం ధరలో సగం దాటుతుంటే సెకండ్‌హ్యాండ్ బాక్సు చూడటం లేదా బండి అమ్మేయడం మేలు.

సెకండ్‌హ్యాండ్ బాక్సులో ధర, టైము కలిసొస్తాయి, గ్యారంటీ మాత్రం నామమాత్రం. 2015లోనూ 2023లోనూ చెన్నైలో వరదలకు ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన బండిలో బ్రీదర్ (గాలి పోయే గొట్టం) గుండా బాక్సులోకి నీళ్లు దిగుతాయి. కాబట్టి డబ్బు ఇవ్వకముందే కొంచెం ఆయిల్ కారించి చూడండి, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ల మీద తుప్పు వెతకండి. ఇంజన్, మోడల్ ఏడాది, బాక్సు నంబరు కలవాలి. కొన్ని టొయోటా బాక్సుల మీద క్యూఆర్ లేబుల్ ఉంటుంది. అందులోని కోడ్‌ను బండి కంప్యూటర్‌లో ఎక్కించకపోతే గేర్లు జర్కుతో పడొచ్చు.

కొత్త బాక్సు ఖర్చు ఎక్కువ. ఇంకా చాలా ఏళ్లు ఉంచుకునే, తక్కువ వయసు బండికే అది తగును.

ఏ దారి పట్టినా బిగింపులో కన్వర్టర్ పూర్తిగా లోపలికి కూర్చోవాలి. కూర్చోకుండా బోల్టులతో లాగి బిగిస్తే మొదటి స్టార్ట్‌కే పంపు పగులుతుంది. ఆయిల్ లెవెల్ మాన్యువల్ చెప్పిన వేడిలో చూసి, స్కానర్‌తో గేర్ల అడాప్టేషన్ (పాత బాక్సుకు తగ్గట్టు కంప్యూటర్ నేర్చుకున్న లెక్క) రీసెట్ చేయాలి. వారంటీ కాగితంలో విప్పి బిగించే కూలీ కూడా ఉందో లేదో చదవండి. వెయ్యి కిలోమీటర్లకు మళ్లీ పాన్ దించి చూపించే మాట అందులోనే రాయించుకోండి.