ఒకే జత చాలదు: మొదటి స్కీల కోసం ఆరు రోజుల మంచు యాత్ర

మూడు రోజులు లిఫ్టులున్న కొండవాలు, మూడు రోజులు అడవి అంచున చదునైన దారులు. రెండింటికీ పనికొచ్చే ఒక జత స్కీలు (మంచు మీద జారే పొడవాటి పలకలు) చూసుకుని కొనాలనే ఉద్దేశంతో బయలుదేరాను. అలాంటి జత లేదని మొదటి రోజే అర్థమైంది. డౌన్‌హిల్ (కొండవాలు కిందికి జారే) బూటును బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే అమరిక, వేళ్ల దగ్గరా మడమ దగ్గరా బిగించి పట్టుకుంటుంది. క్రాస్‌కంట్రీ (చదునైన దారుల్లో అడుగులేస్తూ జారే) బూటును వేళ్ల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది, అడుగు అడుగుకీ మడమ లేవాలి కాబట్టి.

వాలు పక్కనే మా బస. కిందే అద్దె దుకాణం ఉండటం సౌకర్యమే కానీ, అక్కడ చెప్పుల సైజు ఒక్కటే అడిగి బూట్లు చేతికిచ్చారు. మధ్యాహ్నానికి ముంగాలు నొప్పితో విలవిల్లాడింది. మర్నాడు పావుగంట నడిచి ఇంకో దుకాణానికి వెళ్లాను. అక్కడున్న ఆవిడ నా బరువు, ఎత్తు, వయసు, ముందు రోజు ఎలా జారానో అన్నీ అడిగారు. బూటు లోపలి మెత్తటి తొడుగు తీసేసి, ఖాళీ డొల్లలో నా పాదం పెట్టించి, వేళ్లు ముందుకు ఆనించమని, మడమ వెనక తన రెండు వేళ్లు దూర్చి చూశారు. తొడుగు వేశాక నిటారుగా నిలబడితే వేళ్లు కొనకు తగిలాయి, మోకాళ్లు వంచగానే వెనక్కి జరిగాయి. సరైన బూటుకు అదే గుర్తట. సాక్సులు ఒకటే పలుచటి జత. రెండు జతలు వేస్తే కాలు లోపల కదులుతుంది.

తర్వాత బైండింగ్ బిగింపు. వదులైతే వాలు మధ్యలో ఊడిపోతుంది, మరీ బిగిస్తే పడినప్పుడు విడివడదు, ఆ దెబ్బ మోకాలికి తగులుతుంది. దాన్ని సొంతంగా తిప్పే సాహసం ఎవరూ చేయవద్దు. స్కీలు గడ్డానికీ ముక్కుకూ మధ్య ఎత్తున్నవి, నడుము, అంటే స్కీ మధ్యలోని సన్నటి భాగం, వెడల్పు 75 మిల్లీమీటర్లవి ఇచ్చారు. ఆ రోజు మలుపులు నా మాట విన్నాయి.

రెండో బసలో కిటికీలోంచి కొండలేవీ కనబడవు. కానీ బూట్లు ఆరబెట్టే వెచ్చటి గది ఉంది. తడి బూట్లలో పొద్దున్నే కాలు పెట్టినవారెవరైనా కొండల దృశ్యం కన్నా ఆ గదినే కోరుకుంటారు.

క్రాస్‌కంట్రీ స్కీ మధ్యలో విల్లులా పైకి వంగి ఉంటుంది. దీనికి ఎత్తు కన్నా బరువు ముఖ్యం. దుకాణంలో నున్నటి నేల మీద రెండు స్కీల మీదా నిలబెట్టి, పాదం కింద కాగితం జరిపారు, సులువుగా కదిలింది. బరువంతా ఒక కాలి మీద వేయగానే కాగితం ఇరుక్కుంది. ముందిచ్చిన గట్టి జతలో ఎంత నొక్కినా కాగితం ఇరుక్కోలేదు. అలాంటివి తొడుక్కుంటే ఎగువకు వెళ్లేటప్పుడు కాలు వెనక్కి జారిపోతూనే ఉంటుంది.

చివరికి అడుగున చేప పొలుసుల్లాంటి గాట్లున్న క్రాస్‌కంట్రీ జత కొన్నాను, పట్టు కోసం మైనం పూసే పని లేకుండా. డౌన్‌హిల్‌కు బూట్లు మాత్రమే కొన్నాను. ఆ స్కీలు ఇంకో రెండు యాత్రలు అద్దెకే తీసుకుంటాను, నా బరువు అడిగే దుకాణంలోనే.