సీఓటూ మీటర్, రెండు నెలలు వాడాక రాస్తున్నా

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లోనే తొమ్మిది, పది క్లాసుల పిల్లలకి ట్యూషన్ చెప్తా, చిన్న గది, ఏసీ వేసి తలుపేస్తే గంట తిరక్కుండానే అందరికీ ఆవలింతలు, అందుకే గదిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూద్దామని మీటర్ కొన్నా.

మొదట కోఠిలో ఒక షాపులో చౌకది తీసుకుని మోసపోయా. శానిటైజర్ రాసుకున్న చెయ్యి దగ్గర పెడితే చాలు 400 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో కార్బన్ డయాక్సైడ్‌వి ఎన్నో చెప్పే లెక్క) ఉన్నది 2000కి ఎగిరింది! అది కార్బన్ డయాక్సైడ్‌ని కొలవనే కొలవదంట, వేరే ఆవిర్లు పట్టుకుని అంచనాగా ఓ అంకె వేస్తుంది.

తర్వాత ఎన్‌డీఐఆర్ సెన్సర్ ఉన్నది తెప్పించా. ఇది కరెక్టు. లోపల చిన్న ఇన్‌ఫ్రారెడ్ లైటు ఉంటుంది, ఆ వెలుతుర్లో 4.26 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఎంత మింగిందో చూసి లెక్క చెప్తుంది. శానిటైజర్‌కి కదల్లేదు. పన్నెండు మంది కూర్చుంటే 40 నిమిషాల్లో 1800 దాటింది, కిటికీ తీశాక పావుగంటలో 700కి దిగింది.

పిల్లలకి గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే నాసా ఓసీఓ-2 శాటిలైట్ గురించి కూడా దీంతోనే చెప్పా, 2014 జూలైలో పంపారు, 705 కిలోమీటర్ల పైనుంచి చేసేది ఇలాంటి పనే, కాకపోతే దానికి లైటు సూర్యుడు. నేల మీద పడి తిరిగి పైకెళ్ళే ఎండలో 1.61, 2.06 మైక్రాన్ల దగ్గర ఎంత తగ్గిందో చూస్తుంది, మొత్తం గాలి ఎంతో తెలియడానికి ఆక్సిజన్‌ని కూడా చూస్తుంది. నా మీటర్ బాక్స్ మీద 50 పీపీఎం అటూ ఇటూ అని రాసుంది, శాటిలైట్‌కి సుమారు 1 పీపీఎం! చేతిలో ఉన్నదానికంటే ఆకాశంలో ఉన్నదే కరెక్టుగా చెప్తుందంటే పిల్లలు నోరు తెరిచారు. అంత కచ్చితంగా లేకపోతే కుదరదు, పెద్ద సిటీ పొగ కూడా నేల నుంచి పైదాకా ఉన్న గాలి సగటులో కొద్ది పీపీఎంలే పెంచుతుంది మరి. 2009లో మొదటి ఓసీఓ రాకెట్ మూత ఊడక సముద్రంలో పడిపోయింది, అయినా మళ్ళీ తయారుచేసి పంపారు, వాళ్ళకి దండం పెట్టాలి. మబ్బు పడితే మాత్రం కింద గాలి దానికి కనపడదు, రాత్రి ఎండే లేదు కాబట్టి అప్పుడూ కొలవలేదు.

మీటర్‌తో ఒక్కటే ఇబ్బంది, వారంలో వచ్చిన అతి తక్కువ రీడింగే బయటి గాలి అనుకుని తనంతట తను సరిచేసుకుంటుంది, ఎప్పుడూ గదిలోనే ఉంచితే లెక్క తప్పుతుంది. నాది 400 అనుకునేలా సెట్ చేసి వచ్చింది, కానీ బయట ఇప్పుడు 420 దాటింది (1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర ఉండేది), కాబట్టి ఆ నంబర్ మార్చుకోండి. నేను ఆదివారం పొద్దున్నే డాబా మీద నీడలో ఓ గంట పెట్టి తెచ్చుకుంటున్నా.