థియోకాల్ స్ప్రైట్‌కు చేయించిన మార్పులు: ఆరు చలికాలాల తర్వాత

మంచు మీద ట్రాకులతో నడిచే స్ప్రైట్ బండిని పాతది కొన్నవాళ్ళు ముందుగా ఇంజన్ మీదే చేయి పెడతారు. దాదాపు 700 గంటలు, ఎక్కువగా 9,000 అడుగుల ఎత్తులో నడిపాక మా మాట ఒకటే: డబ్బు అక్కడ మొదలుపెట్టకండి. ఈ బండి దారిలో ఆగిపోయేది ఇంజన్ బలాన్ని రెండు పక్కల ట్రాకులకూ పంచే డిఫరెన్షియల్ వల్లో, ఆ ట్రాకుల వల్లో.

రాకెట్ మోటార్ల థియోకాల్ కంపెనీ యూటా రాష్ట్రంలోని లోగన్‌లో చేసిన బండి ఇది. 1978లో ఆ విభాగాన్ని కార్ల తయారీదారు జాన్ డిలోరియన్ కొన్నాడు. తర్వాత ఎల్ఎంసీ (లోగన్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీ) పేరుతో నడిచి 2000లో మూతపడింది. కొత్త ఒరిజినల్ భాగాలు ఇక రావు, విప్పేసిన బండ్లే దిక్కు. అందుకే ఇందులోని ఓసీ-12 రకం డిఫరెన్షియల్‌ను కాపాడుకోవడం మొదటి పని.

దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌ను ఒక పక్క బ్రేకు తొక్కి తిప్పుతాం కదా, చూడ్డానికి ఈ బండిని తిప్పడమూ అంతే. కానీ ఇక్కడ లివర్ లాగితే డిఫరెన్షియల్ లోపలి డ్రమ్ము మీద బ్యాండ్ బిగుస్తుంది. ఆ పక్క ట్రాకు పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది. అవతలిది వేగం పుంజుకుంటుంది. బ్యాండ్లు మునిగేది గేర్లు తిరిగే ఆయిల్‌లోనే. అంటే ప్రతి మలుపు వేడీ, అరిగిన పొడీ నేరుగా గేర్లకే చేరతాయి.

మేం చేసిన వాటిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ డిఫరెన్షియల్ ఆయిల్‌కు పెట్టిన కూలర్. 12 వోల్టుల గేర్ పంపు, దాని ముందు జల్లెడ, తర్వాత స్పిన్-ఆన్ ఫిల్టర్, రేడియేటర్ ముందు చిన్న ఆయిల్ కూలర్, డ్యాష్‌లో టెంపరేచర్ మీటర్. మొదట పంపును ఇగ్నిషన్‌కే కలిపాం. అది తప్పు. గడ్డకట్టే చలిలో ఆయిల్ ముద్దలా ఉంటుంది, పంపు లాగలేక ఫ్యూజు కొట్టేస్తుంది. ఇప్పుడు 65 డిగ్రీలకు ఆన్ అయ్యే థర్మో స్విచ్ ఉంది. మీటర్ వల్ల ఇంకో లాభం: లివర్లు ముట్టుకోకుండా తిన్నగా నడిపినా వేడి ఎక్కుతోందంటే ఏదో ఒక బ్యాండ్ డ్రమ్ముకు రాసుకుంటున్నట్టు.

అలా రాసుకోకుండా ఉండాలంటే లివర్లలో కాస్త వదులు ఉండాలి. మేం పిడి దగ్గర రెండు అంగుళాలు ఉంచుతాం. గట్టిగా ఉంటే స్టీరింగ్ బాగుంటుందని చివరిదాకా బిగించేవాళ్ళు బ్యాండ్లను తామే కాల్చుకుంటున్నారు. బిగింపు చూడాల్సింది పావుగంట నడిపాక, ఆయిల్ వేడెక్కాకే. రెండు లివర్లూ ఒకే చోట పట్టాలి.

ట్రాకులోని రబ్బరు బెల్టుల పని ఓపికకు పరీక్ష. పాత బెల్టు సాగి ఉంటుంది కాబట్టి దాన్ని కొలతగా పెట్టుకుని కొత్తదానికి రంధ్రాలు వేయకూడదు. ఒక్కో గ్రౌజర్ (బెల్టులకు అడ్డంగా బిగించే, మంచును పట్టే ఇనుప పట్టీ) దగ్గర 1 మి.మీ. తేడా వచ్చినా 50 గ్రౌజర్లు తిరిగేసరికి 50 మి.మీ. అవుతుంది, ట్రాకు ఒక పక్కకు ఈడుస్తుంది. ఇనుప పట్టీతో టెంప్లేట్ చేసి, పక్కపక్కన నడిచే బెల్టులన్నిటికీ అదే వాడాం. బోల్టు బిగిస్తే బ్యాకింగ్ ప్లేటు అంచు రబ్బరులోకి దిగకూడదు. దిగితే పగులు అక్కడే మొదలవుతుంది. ప్రతిసారీ కొత్త నైలాక్ నట్లే (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి). మొదటి పది గంటల్లో బెల్టులు సాగుతాయి, మళ్ళీ బిగించాలి. మంచు లేని రాతినేల మీద నడపడం మాత్రం వద్దు.

టైర్లలో ఫోమ్ నింపించాం. పంక్చర్ల బాధ తప్పింది నిజమే. ఏటవాలులో గాలి పోయిన టైరు ట్రాకును జార్చేస్తుంది కాబట్టి అది చిన్న విషయం కాదు. కానీ బరువు పెరిగింది, కుదుపు పెరిగింది, బేరింగులు తొందరగా పోతున్నాయి. మళ్ళీ చేయాల్సి వస్తే ట్యూబులు, గడ్డకట్టని సీలెంట్, ప్రతి ఉదయం గాలి చూసుకోవడం, అంతే.

ఇంజన్ చివర. మా బండిలోని ఫోర్డ్ 300 ఇన్‌లైన్ సిక్స్‌లో (ఒకే వరుసలో ఆరు సిలిండర్లు) వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టును తిప్పడానికి టైమింగ్ చైన్ ఉండదు, గేర్లే. క్యామ్ గేరు ఫైబర్‌దైతే విప్పినప్పుడే స్టీలుది వేసేయండి. చప్పుడు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. కార్బ్యురేటర్ తీసేసి పెట్టిన థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ (పెట్రోలును ఎలక్ట్రానిక్‌గా చిమ్మేది) ఎత్తులో బాగా పనిచేస్తోంది. కార్బ్యురేటర్‌తో వచ్చే నల్ల పొగ, ఏటవాలులో దగ్గడం పోయాయి. అయితే పెట్టెలో వచ్చే సామానుతో పని పూర్తి కాదు. కార్బ్యురేటర్‌కు 5–7 పీఎస్ఐ పెట్రోలు ప్రెషర్ చాలు, ఈ తరహా కిట్లకు 58 దాకా కావాలి. పంపు, రిటర్న్ లైను, హై ప్రెషర్ గొట్టాలు విడిగా కొనాలి. పాత ట్యాంకులో అడ్డుగోడలు లేకపోతే నిటారు ఎక్కుడులో పంపు గాలి పీలుస్తుంది. పంపుకు ఎప్పుడూ పెట్రోలు అందేలా నిండుగా ఉండే చిన్న సర్జ్ ట్యాంకు పెట్టాకే ఆ ఆగిపోవడం పోయింది.

ఎల్ఈడీ లైట్లు వెలుతురుకు బ్రహ్మాండం, బ్యాటరీకి తేలిక. కాకపోతే అద్దం వేడెక్కదు. మంచు కురిసే రాత్రి పావుగంటకోసారి దిగి తుడవాలి. అందుకే ముందు పక్క రెండు పాత హాలోజెన్లు మళ్ళీ బిగించాం.