కారు మీది టేపు బంకకు నీలగిరి తైలం: ఏడాదికి పైగా వాడాక

2024 అక్టోబరులో భారీ వర్షాల హెచ్చరిక రాగానే నీట మునగకుండా నిలిపిన కార్లు వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద బారులు తీరిన సంగతి చెన్నైలో ఉండేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ వరసలో మా కారూ ఉంది. గాలికి కవరు ఎగిరిపోతుందేమోనన్న టెన్షన్‌లో, అట్టపెట్టెలకు వేసే బ్రౌన్ టేపుతో కవరు అంచుల్ని నేరుగా బానెట్‌కీ డోర్లకీ అతికించేశాను. వాన తెరిపిచ్చాక కవరు తీశాను కానీ, టేపు సగం అలాగే ఉండిపోయింది. తర్వాత చూద్దామని ఊరెళ్లి మూడు వారాలకు వచ్చేసరికి ఎండకు అది బిరుసెక్కింది. లాగితే పైపొర పెళుసుగా ముక్కలై ఊడింది. బంక మాత్రం పెయింటునే పట్టుకుని, దుమ్ము తాగి, తెల్ల కారు మీద నల్లటి చారల్లా మిగిలింది. చూసి ప్రాణం ఉసూరుమంది.

వీధి చివరి షెడ్డులో తిన్నర్‌తో ఐదు నిమిషాల్లో తీసేస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. రంగును కాపాడే క్లియర్ కోట్ మందం సుమారు 40-50 మైక్రాన్లే. తిన్నర్ బంకతో పాటు దాన్నీ మెత్తబరుస్తుంది. గోళ్లరంగు తుడిచే అసిటోనూ అంతే. కొబ్బరినూనె రాస్తే పల్చటి మరకలు పోయాయి, మందంగా ఉన్నవి కదల్లేదు.

అప్పుడు మా అత్తయ్యగారు ఆవిరి పట్టుకోవడానికి ఉంచుకున్న నీలగిరి తైలం సీసా చేతికిచ్చారు. "కొత్త స్టీలు గిన్నెల స్టిక్కర్ల బంక నేను దీంతోనే తీస్తాను బాబూ, ఓసారి చూడు" అన్నారు. అందులో ప్రధానంగా ఉండే సినియోల్ జిగురును కరిగిస్తుందని తర్వాత తెలిసింది.

ముందు డోరు తెరిచి, లోపలి అంచున ఒక చుక్క వేసి చూశాను. రంగు గుడ్డకు అంటలేదు. కారు నీడలో పెట్టి, బాగా కడిగి (దుమ్ముతో రుద్దితే గీతలు పడతాయి), వేడినీళ్లలో పిండిన తువ్వాలు బంక మీద కాసేపు పరిచాను. సగం పని ఆ వెచ్చదనమే చేస్తుంది. తర్వాత తైలంలో తడిపిన మెత్తటి గుడ్డను రెండు నిమిషాలు అదిమి ఉంచాను. తీసి బొటనవేలితో నెమ్మదిగా తోస్తే, ఎండిన బంక చపాతీ పిండి నలుసుల్లా ఉండలు చుట్టుకుంటూ వచ్చేసింది! ఒక్క గీత లేదు. వెంటనే షాంపూతో కడిగి, ఆరాక ఆ చోట వ్యాక్స్ పట్టించాను, ఎందుకంటే తైలం పాత వ్యాక్స్‌ను కూడా తీసేస్తుంది. బానెట్‌కు ఒక ఆదివారం పూర్తిగా పట్టింది.

అప్పటి నుంచి వెనకద్దం మీది పాత పార్కింగ్ స్టిక్కరుకు, డోరు గార్డు ఊడాక మిగిలిన డబుల్ టేపుకు, తమ్ముడి కారు మీది పెళ్లి స్టిక్కర్లకు ఇదే వాడాను. డబుల్ టేపు ఫోమ్‌కు మాత్రం తైలం ఒక్కటే చాలదు. వెచ్చబెట్టి, గట్టి నైలాన్ దారంతో రంపంలా కోసి ఫోమ్ తీసేశాక, మిగిలిన పొరకు వాడాలి. తుప్పు వదిలించడానికి కొట్టే డబ్ల్యూడీ-40 స్ప్రే కూడా ఇంచుమించు ఇంత బాగానే పనిచేసింది, నిలువు డోర్ల మీద కొట్టడానికి అదే సులువు. ఘాటు పడనివాళ్లు అదే తీసుకోండి.

స్టిక్కరు కింద ఎండ తగలక మిగిలిపోయిన రంగు తేడాను ఇది పోగొట్టదు, అది పాలిష్ పని. కొత్తగా పెయింటు వేయించిన భాగాల మీద, ప్లాస్టిక్ హెడ్‌లైట్ల మీద, రబ్బరు బీడింగుల మీద నేను వాడను. సీసాను కారులో కూడా ఉంచను. 50 డిగ్రీలకు అటూ ఇటూగా దాని ఆవిరి అంటుకునే స్థితికి వస్తుంది, మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి మామూలే. మా ఇంట్లో అది మళ్లీ అత్తయ్యగారి మందుల అరలోకే వెళ్తుంది.