ఊచలా, స్టాపరా, సన్న తీగలా? ఇంటిల్లిపాదికీ ఏ కిటికీ రక్షణ మేలు?

కిటికీకి రక్షణ అనగానే చాలామందికి ముందు దొంగలే గుర్తుకొస్తారు. నిజానికి కిటికీతో రోజూ పని ఉండేది ఇంట్లోవాళ్లకి. రెండేళ్ల పాప దాన్ని ఎక్కాలని చూస్తుంది. పదమూడేళ్ల పిల్లాడు గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటాడు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ పై గడియ కోసం స్టూలెక్కుతుంది. అర్ధరాత్రి మంటలు లేచి తలుపు వైపు పొగ కమ్ముకుంటే అందరికీ మిగిలే దారి కూడా ఆ కిటికీయే.

పాప కోసమైతే దాన్ని బిగించాలి. మంటల కోసమైతే అది చప్పున తెరుచుకోవాలి. ఈ రెంటికీ పొత్తు కుదరదు కాబట్టే కిటికీ రక్షణ ఎంచుకోవడం కష్టం. ఏ పరికరాన్ని చూసినా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. చిన్నపిల్ల దీన్ని దాటి పడిపోగలదా? ఇంట్లో అందరికన్నా ఓపిక తక్కువున్న పెద్దవారు చీకట్లో, తాళంచెవి లేకుండా దీన్ని తెరవగలరా? మొదటి ప్రశ్నకు "లేదు", రెండోదానికి "అవును" అని జవాబొచ్చినదే నా దృష్టిలో రక్షణ. ఒక్కదానికే సరైన జవాబిచ్చేవి బజారులో చాలా ఉన్నాయి.

ముందు సందు కొలత

ఏ రకం కొన్నా 10 సెంటీమీటర్ల కొలతను గుర్తుంచుకోవాలి. ఊచల మధ్య గానీ, కొద్దిగా తెరిచిన రెక్క పక్కన గానీ అంతకు మించి సందు ఉండకూడదు. పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువైనది. అందుకే కిందికి వంగి చూస్తే చాలు, ముందుకు తూలిపోతారు. సందు కాస్త ఎక్కువైతే ఒళ్లంతా అవతలికి జారి తల ఇరుక్కుపోయే ప్రమాదం కూడా ఉంది. అమెరికాలో కిటికీ రక్షణ పరికరాల ప్రమాణం 4 అంగుళాలు, అంటే దాదాపు ఇదే కొలత. గది నేల బయటి నేలకు 2 మీటర్లు, అంతకన్నా ఎత్తున ఉండే పడకగదుల కిటికీల విషయంలో ఆస్ట్రేలియా నిబంధనలు 12.5 సెంటీమీటర్ల దాకా ఒప్పుకుంటాయి. చిన్న పిల్లలున్న ఇంటికి నేను 10నే పట్టుకోమంటాను.

దోమల జాలీని ఈ పోటీలోకే తీసుకురాను. దాన్ని పురుగులు రాకుండా బిగిస్తారు, మనిషి బరువు ఆపడానికి కాదు. పైగా అది ఉందన్న ధీమాతో పెద్దవాళ్లు కిటికీ బార్లా తెరుస్తారు, పిల్లలు వెళ్లి దానికి ఆనుకుంటారు. ఒక్క తోపుకి చట్రంతో సహా ఊడి పడుతుంది.

బిగించేసిన గ్రిల్లు, తెరుచుకునే గ్రిల్లు

గ్రిల్లులో నాకు బాగా నచ్చేది, అది ఎవరి జాగ్రత్త మీదా ఆధారపడకపోవడం. పొద్దున పెట్టాలి, రాత్రి తీయాలి అన్న గొడవ లేదు. కిటికీ పూర్తిగా తెరిచి గాలి తీసుకోవచ్చు. ఇంట్లో అందరూ అలిసిపోయిన రోజున, చుట్టాలొచ్చి హడావుడిగా ఉన్న రోజున కూడా అది తన పని చేస్తూనే ఉంటుంది. పిల్లలు పడిపోయేది సాధారణంగా అలాంటి రోజుల్లోనే కాబట్టి ఇది చిన్న గుణం కాదు.

అయితే ఊచలు ఎటు ఉన్నాయో చూడాలి. అడ్డంగా వేసిన పట్టీలు పిల్లల కాళ్లకు నిచ్చెన మెట్లవుతాయి. గ్రిల్లు కిటికీ పైదాకా లేకపోతే పైన మిగిలిన ఖాళీ దాకా వాళ్లు ఎక్కగలరు. నిలువు ఊచలే మేలు. పూలూ తీగల డిజైన్లలో అక్కడక్కడా పెద్ద ఖాళీలు వదిలేస్తారు. అందం చూసి ఒప్పుకునే ముందు అన్నిటికన్నా పెద్ద ఖాళీకి టేపు పెట్టి కొలవండి. ఊచలు ఎంత లావుగా ఉన్నా బరువంతా మోసేది చట్రాన్ని గోడలో పట్టి ఉంచే బిగింపులే, తుప్పు పట్టడం కూడా అక్కడే మొదలవుతుంది. ఏడాదికోసారి ఆ మూలలు పట్టుకుని గట్టిగా ఊపి చూడాలి.

బిగించేసిన గ్రిల్లు నా రెండో ప్రశ్న దగ్గర పూర్తిగా తప్పుతుంది. గదికి ఒకే తలుపు ఉండి, ఆ తలుపు బయటే పొగ ఉంటే లోపలున్నవాళ్లు గ్రిల్లు పట్టుకుని అరవడం తప్ప చేయగలిగింది లేదు. కొన్ని ఊళ్లు ఈ చిక్కును చట్టంలోనే గుర్తించాయి. న్యూయార్క్ నగరంలో పిల్లలు కిటికీల్లోంచి పడి చనిపోతుండటంతో 1976లో చట్టం చేశారు. దాని ప్రకారం మూడు, అంతకన్నా ఎక్కువ వాటాలున్న భవనాల్లో 10 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలున్న ఇళ్లకు యజమానులే కిటికీ గార్డులు పెట్టించాలి. అదే చట్టం, మంటలప్పుడు దిగే మెట్లకు దారిచ్చే కిటికీలకు మాత్రం గార్డులు పెట్టవద్దంటుంది. ఒక కిటికీ పడిపోకుండా కాపాడాలి, ఇంకొకటి బయటపడటానికి మిగలాలి.

అందుకే తెరుచుకునే గ్రిల్లు. పడకగదికి ఒక్కటైనా కావాలి. అమెరికాలో ఇళ్లకు వాడే నిబంధనలు తప్పించుకునే కిటికీకి కనీసం సుమారు 51 సెంటీమీటర్ల వెడల్పు, 61 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలంటాయి. మొత్తం ఖాళీ వైశాల్యానికి వేరే కొలత ఉంది, కాబట్టి ఈ రెండు కనీసాలూ కలిపితే సరిపోదు. గట్టు నేలకు 112 సెంటీమీటర్ల కన్నా ఎత్తులో ఉండకూడదనీ, ఊచలుంటే లోపలి నుంచి తాళంచెవి, పనిముట్టు అక్కర్లేకుండా తెరుచుకోవాలనీ అవే నిబంధనలు చెబుతాయి. ఈ చివరి మాట మీద నేనింకా పట్టుబడతాను. తెరుచుకునే గ్రిల్లు చేయించి దానికి కప్ప తాళం వేసి, తాళంచెవిని బీరువాలో దాచే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ గ్రిల్లు బిగించేసినదానితో సమానం. తాళం బదులు నొక్కి తిప్పితేనే వచ్చే గడియ పెట్టించండి. రెండు పనులు ఒకేసారి చేయాల్సి రావడం చిన్నపిల్లకు అడ్డం, పెద్దవారి చేతికి తేలిక. గడియ ఎత్తు పిల్లకు అందనంత ఉండాలి, పెద్దవారు స్టూలెక్కాల్సినంత ఉండకూడదు.

ఎనిమిదో అంతస్తులో గ్రిల్లు తెరుచుకుంటే మాత్రం ఏం లాభమని అడగొచ్చు. దూకడానికి కాదు, అగ్నిమాపక సిబ్బందికి కనపడటానికి, పొగలేని గాలి పీల్చుకోవడానికి. నిచ్చెన అందే అంతస్తయితే లోపలున్నవాళ్లను బయటికి తీసుకోవడానికి కూడా.

స్టాపర్

రెక్కను 10 సెంటీమీటర్లకు మించి తెరుచుకోనివ్వని చిన్న పరికరం ఇది. గొలుసులాంటి స్టీలు తీగ రూపంలో, రెక్కకు బిగించే కొక్కెం రూపంలో, స్లైడింగ్ కిటికీ పట్టాలో పెట్టే అడ్డుకట్ట రూపంలో దొరుకుతుంది. వెలుతురుకి, చూపుకి అడ్డం రాదు. అద్దం తుడవాల్సి వస్తే పెద్దవాళ్లు విప్పుకోవచ్చు. చేతిపిడి పెద్దవారికి అందే ఎత్తులో ఉంచుకుని, పిల్లను మాత్రం స్టాపర్‌తో ఆపొచ్చు. గ్రిల్లు కన్నా ఇది మేలయ్యేది ఇక్కడే. పిడి ఎంత ఎత్తున ఉండాలన్న చిక్కు దీనితో తీరిపోతుంది.

దీని బలహీనత మనుషుల్లోనే ఉంది. ఉక్కపోత రాత్రి 10 సెంటీమీటర్ల సందులోంచి వచ్చే గాలి చాలదు. వయసు మళ్లినవారికి వేడి నిజంగానే ప్రాణాంతకం, గాలి కావాలని వాళ్లు అడగడం న్యాయం. అలా ఒక రాత్రి విప్పిన స్టాపర్ చాలా ఇళ్లలో మళ్లీ బిగియదు. అందుకే గాలికి ఆ కిటికీ ఒక్కటే ఆధారమైన గదిలో స్టాపర్ కన్నా తెరుచుకునే గ్రిల్లు మేలు. గదికి రెండు కిటికీలుంటే స్టాపర్ చక్కగా సరిపోతుంది.

తాళంచెవితో వచ్చే స్టాపర్, బొత్తాం నొక్కితే వచ్చే స్టాపర్ రెండూ ఉన్నాయి. మామూలు ఇంటికి బొత్తాందే తీసుకోండి. మతిమరుపు జబ్బుతో బయటికి వెళ్లిపోవాలని చూసే పెద్దవారున్న గదికి తాళంచెవిది అవసరమవుతుంది. అప్పుడు ఆ తాళంచెవి గదిలోనే, తోడుండేవారికి తెలిసిన చోట ఉండాలి. పై అంచు మాత్రమే లోపలికి వాలే కిటికీలైతే గాలీ వస్తుంది, పిల్లలు పడే భయమూ తక్కువ. పిల్లిని పెంచేవాళ్లు మాత్రం జాగ్రత్త, ఆ వాలు సందులో పిల్లులు ఇరుక్కుంటాయి.

స్లైడింగ్ రెక్కలకు ఇంకొక మాట. అడ్డుకట్ట ఒకవైపే పెడితే రెండో రెక్కను జరిపి తెరవొచ్చు. రెండు రెక్కలూ చూడాలి. రెక్కను పైకెత్తి పట్టాలోంచి ఊడదీయగలిగితే స్టాపర్ ఉన్నా లేనట్టే.

సన్న తీగల గ్రిల్లు, వల

ఇన్విజిబుల్ గ్రిల్లు పేరుతో ఇప్పుడు బాగా నడుస్తున్నది ఇది. 2 నుంచి 3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు తీగలను పైనా కిందా అల్యూమినియం పట్టాల మధ్య గట్టిగా లాగి బిగిస్తారు. దూరం నుంచి కనపడవు. కాళ్లు పెట్టి ఎక్కడానికి అడ్డ పట్టీలు ఉండవు. గాలివాన తగిలే చోట, ముఖ్యంగా సముద్రపు గాలికి, 304 రకం కన్నా 316 రకం స్టీలు తుప్పును బాగా తట్టుకుంటుంది.

కొనేటప్పుడు తీగల మధ్య దూరం అడిగి ఊరుకోకండి. పక్కపక్క తీగల్ని రెండు చేతులతో విడదీసి, అప్పుడు ఏర్పడిన సందును కొలవండి. తీగ సాగుతుంది, ఏళ్లు గడిస్తే బిగువు తగ్గుతుంది. పిల్ల తల దూర్చాలని చూసేది విడదీసిన సందులోనే.

నా అసలు అభ్యంతరం వేరు. తేలిగ్గా కనిపిస్తుంది కాబట్టి అవసరమైతే తీసేయొచ్చని అందరూ అనుకుంటారు. పనిముట్టు లేకుండా వాటిని తెంచడం ఎవరి తరమూ కాదు. పక్కన కట్టర్ పెట్టుకోమంటారు. పొగలో దాన్ని వెతికి ఒక్కో తీగా కత్తిరించడం డెబ్బై ఏళ్ల మనిషి చేయగలరా? బాల్కనీకి నేను దీన్ని ఇష్టంగా ఒప్పుకుంటాను. పడకగదికున్న ఒకే ఒక్క కిటికీకి వద్దంటాను.

నైలాన్ వల ఎండకు పెళుసెక్కుతుంది. శాశ్వత ఏర్పాటు చేయించేలోపు వాడుకోవచ్చు, అంతే.

అద్దం: రెండు రకాలు, రెండు చోట్లు

మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. నేలకు దగ్గరగా ఉన్న కిటికీకీ, మంచం పక్కనా, స్నానాల గదిలోనూ, మెట్ల మలుపులోనూ అది ఉండకూడదు. దాని బదులు టఫెన్డ్ అద్దమా, లామినేటెడ్ అద్దమా అన్నది ప్రశ్న.

టఫెన్డ్ అద్దాన్ని 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి చేసి చప్పున చల్లారుస్తారు. మామూలు అద్దం కన్నా సుమారు నాలుగు రెట్లు బలం. పగిలితే చిన్న చిన్న గుండ్రటి ముక్కలుగా రాలుతుంది, కోత ప్రమాదం తక్కువ. తయారయ్యాక కోయడం కుదరదు కనుక కొలతలు ముందే సరిచూసుకోవాలి. లామినేటెడ్‌లో రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా ముక్కలు ఆ పొరకే అతుక్కుని చట్రంలో నిలుస్తాయి.

ఒకటి రాలిపోతుంది, ఇంకొకటి నిలుస్తుంది. ఎంపిక అక్కడే తేలిపోతుంది. పై అంతస్తులో, గట్టు తక్కువ ఎత్తులో ఉన్న కిటికీకి లామినేటెడే కావాలి. ఎందుకంటే టఫెన్డ్ అద్దం పగిలిన మరుక్షణం అక్కడ ఖాళీయే మిగులుతుంది, దానికి ఆనుకున్న మనిషిని ఆపేదేమీ ఉండదు. నేల అంతస్తులో, పగలగొట్టుకునైనా బయటపడాల్సి రాగల కిటికీకి టఫెన్డ్ మేలు. లామినేటెడ్‌ను పగలగొట్టి దారి చేసుకోవడం చాలా కష్టం. పాత అద్దాల మీద అతికించే ఫిల్మ్ ముక్కలు ఎగరకుండా పట్టి ఉంచుతుంది. చట్రానికి పట్టించకపోతే అది మనిషి బరువును ఆపదు.

తాళ్లు, పిడులు

కిటికీ తెరల తాళ్ల విషయంలో తూచాల్సిందేమీ లేదు. పిల్లలున్న ఇంట్లో తాడు లేని తెరే కావాలి. మెడకు చుట్టుకున్న తాడు ఒక్క నిమిషంలోపే, చిన్న చప్పుడైనా లేకుండా ప్రాణం తీస్తుంది. పక్క గదిలో ఉన్నవాళ్లకు వినపడదు. తాడును గోడ కొక్కేనికి చుట్టిపెట్టడం మధ్యే మార్గంలా కనిపిస్తుంది గానీ, చుట్టడం మరిచిపోయిన రోజున అది పనికిరాదు. కింది అంచు పట్టుకుని లాగే తెర ఎత్తైన కిటికీకి పెద్దవారికి అందకపోవచ్చు. వారికి కర్రపిడితో తిప్పే రకం తీసుకోండి.

గడియల్లో పొడుగు లీవర్ పిడి, కీళ్ల నొప్పులున్న చేతికి గుండ్రటి పిడి కన్నా ఎంతో నయం. అరచేతితో నొక్కినా తెరుచుకుంటుంది. ఎత్తున ఉన్న గడియకు కిందిదాకా వచ్చే కడ్డీ వేయించండి. స్టూలు మీంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం కూడా కిటికీ ప్రమాదమే.

మరి అద్దె ఇంట్లో?

గోడకు రంధ్రం వేయనివ్వని ఇంట్లో జిగురుతో అతికించే స్టాపర్లు కొందామనిపిస్తుంది. ఎండకు, తేమకు జిగురు వదులుతుంది, అది ఎప్పుడు ఊడుతుందో ముందుగా తెలియదు. పిల్ల ప్రాణం దాని మీద పెట్టలేం. రంధ్రం అక్కర్లేకుండా పట్టాలోనే స్క్రూతో బిగుసుకునే స్టాపర్ స్లైడింగ్ కిటికీలకు దొరుకుతుంది, అది నయం. మిగతా కిటికీలకైతే యజమానిని అడిగి స్క్రూలు వేయించుకోవాలి. ఒప్పుకునేదాకా మంచం, బల్ల, బొమ్మల పెట్టె, ఎక్కడానికి వీలున్న ప్రతిదాన్నీ కిటికీ దగ్గర్నుంచి ఇవాళే జరపండి. పిల్ల ఒంటరిగా ఉండే గదిలో ఆ కిటికీ మూసి గడియ పెట్టి, గాలి కోసం ఆమెకు అందని ఎత్తులోని వెంటిలేటర్‌ను గానీ, పెద్దవాళ్లు కూర్చునే గది కిటికీని గానీ తెరవండి.