పదకొండేళ్లు 996తో: తరాలు మారేకొద్దీ పాత పోర్షే 911 ధర ఎటు నడిచింది?

2014లో డల్లాస్ శివారులో నేను 2003 మోడల్ పోర్షే 911 కరేరా, అంటే ఆ జర్మన్ స్పోర్ట్స్ కారులో మామూలు రకం, కొన్నాను. 996 అని పిలిచే తరం అది, 3.6 లీటర్ల ఇంజిన్, 320 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. అప్పటికి 61 వేల మైళ్లు తిరిగింది. కొత్తలో దాదాపు 70 వేల డాలర్లున్న బండి నాకు 22,500కు దొరికింది. ఆ ఏడు అంత డబ్బుకు ఒక మామూలు కొత్త టొయోటా క్యామ్రీ వచ్చేది. గుంటూరు నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన మా నాన్నగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "వెనక సీట్లో పిల్లి కూడా పట్టదు కదరా, దీనికా ఇంత పోశావు?" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు గాని, నేను కొన్న ధర ఆ తరం చరిత్రలో దాదాపు అట్టడుగు అని ఆ రోజు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ ధర అంతగా పడిపోవడానికి కారణాలు బండి నడకలో లేవు. 996కు ముందున్న 993 గాలితో చల్లబడే ఇంజిన్ గల చివరి 911. 1998లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. తర్వాత నీటితో చల్లబడే ఇంజిన్‌తో వచ్చిన 996ను పాత అభిమానులు మొదటి నుంచీ సవతి బిడ్డగానే చూశారు. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ దాని ముందు భాగాన్ని తమ చవకైన మరో కారు బాక్‌స్టర్‌తో పంచుకోవడం వల్ల, అద్దంలో వెనక నుంచి వస్తున్నది ఏ బండో పోల్చుకోవడం కష్టమయ్యేది. హెడ్‌లైట్లను వేయించిన గుడ్లతో పోల్చి నవ్వేవారు. 2002 మోడల్‌లో వాటిని మార్చినా ఆ పేరు పోలేదు. పైగా 993లు దాదాపు 69 వేలు తయారైతే, 996లు 1 లక్షా 75 వేలు దాటాయి. సంతలో సరుకు ఎక్కువైతే బేరం ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్, అంటే ఇంజిన్ లోపల వాల్వులను నడిపే గొలుసులను తిప్పే ఇరుసుకు ఆధారంగా ఉండే చిన్న బేరింగ్. సీలు వేసిన ఆ బేరింగ్‌లోకి ఇంజిన్ ఆయిల్ చొరబడి గ్రీజును కడిగేస్తుంది. అది అరిగి విరిగితే వాల్వుల టైమింగ్ తప్పి ఇంజిన్ మొత్తం పోతుంది. అన్ని బండ్లలోనూ ఇలా జరగదు, కానీ జరిగినప్పుడు నష్టం బండి ధరలో సగానికి పైగా ఉంటుంది కనుక, భయం మాత్రం అన్ని బండ్ల ధరలోనూ కలిసిపోయింది. నాకు అమ్మిన వ్యాపారి బేరింగ్ మార్పించామని నోటితో చెప్పాడు గాని రసీదు చూపలేకపోయాడు. మొదటిసారి ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్‌ను కోసి, లోపలి కాగితపు మడతలను ఒక్కొక్కటిగా విప్పి టార్చి వెలుగులో వెతికాను. మూడు మడతల్లో సన్నని ఇనుప మెరుపు కనిపించింది, అంటే లోపల ఏదో అరుగుతోంది. బేరింగ్ దగ్గరికి చేరాలంటే గేర్‌బాక్స్ దించక తప్పదు కనుక క్లచ్‌తో పాటే బేరింగూ మార్పించాను. బయటికి తీసినది ఫ్యాక్టరీలో బిగించిన పాత బేరింగే. ఆ పనికి 3,400 డాలర్లు అయ్యాయి.

నా బండిలో ఏమీ మారకుండానే దాని విలువ మారడం ఆ తర్వాత మొదలైంది. అందుకు దారి మాత్రం నేను కొనకముందే పడింది. 2005 మోడల్‌గా వచ్చిన తర్వాతి తరం 997 గుండ్రని హెడ్‌లైట్లను తిరిగి తెచ్చి, కొంతకాలం 996ను మరింత కిందికి తోసింది. 2012 మోడల్‌గా వచ్చిన 991లో బండి పెరిగింది, హైడ్రాలిక్ స్టీరింగ్ పోయి ఎలక్ట్రిక్ వచ్చింది. 2017 మోడల్ నుంచి సాధారణ కరేరాకు కూడా టర్బో ఇంజిన్ పెట్టారు. దాని తర్వాతి తరం 992 వచ్చేసరికి అన్నిటికంటే చవకైన కరేరాకు మాన్యువలే లేకుండా పోయింది. కొత్త తరం ఒక్కొక్కటి వేగంలో ముందుకు వెళుతూ ఒక్కొక్క అనుభూతిని వదిలేస్తుంటే, వదిలేసినవన్నీ ఉన్న పాత బండికి గిరాకీ పుట్టింది. 993 ధరలు మామూలు ఉద్యోగికి అందనంత ఎత్తుకు పోవడంతో, ఆ వరుసలో నిలబడలేనివారు పక్కనే ఉన్న 996 వైపు చూశారు.

తరం పేరు ఒక్కటే చూసి ధర కట్టేవారు నష్టపోతారని నా అభిప్రాయం. 997లోనే 2009 మోడల్ నుంచి వచ్చిన ఇంజిన్‌లో ఆ ఇంటర్మీడియట్ షాఫ్టే లేదు. అందుకే ఒకే తరంలో రెండు ధరలు నడుస్తాయి. 996లో ఖరీదైన రకాలైన టర్బో, జీటీ3 బండ్లది వేరే ఇంజిన్ కనుక వాటికి ఆ భయం అంటలేదు, ధరా మామూలు కరేరా కంటే పైనే ఉంటూ వచ్చింది. ఆటోమేటిక్ గేర్ల 996 మాత్రం నేటికీ మాన్యువల్ కంటే బాగా తక్కువకే పోతుంది.

ఇప్పుడు నా బండి 98 వేల మైళ్లు తిరిగింది. 31 వేలు ఇస్తామన్నవారు ఉన్నారు. లాభం వచ్చిందనుకుంటే పొరపాటు. కూలెంట్ ట్యాంకు పగలడం, వాటర్ పంపు, సస్పెన్షన్, రెండు జతల టైర్లు, అన్నీ కలిపి పెట్రోలు, ఇన్సూరెన్స్ కాకుండానే 19 వేలు దాటింది. అయినా పదకొండేళ్లు నడిపిన ఏ క్యామ్రీ కొన్న ధరను నిలుపుకుంటుంది? ఈ లెక్క చూసి, హైదరాబాద్‌లోని మిత్రుడొకడు ఇలాంటిదొకటి తనకు పంపమని అడిగాడు. మూడేళ్లు దాటిన వాడిన కారును భారత్‌కు దిగుమతి చేసుకోవడం సాధారణంగా కుదరదు, పైగా ఇది ఎడమ చేతి స్టీరింగు అని చెప్పాక ఊరుకున్నాడు.

పోయిన నెల బండి చూడటానికి ముప్పై ఏళ్లు నిండని కుర్రాడొకడు వచ్చాడు. ముందు రసీదుల ఫైలు అడిగి, బేరింగ్ కాగితం చూసి ఫోటో తీసుకున్నాడు, తర్వాత క్లచ్ తొక్కి గేర్లు వేసి చూశాడు. హెడ్‌లైట్ల సంగతి నేనే కదిపితే, "వాటికేమైంది?" అని అడిగాడు.