నాలుగేళ్లుగా అన్నం తగ్గించి, నూనె పెంచి: కర్నూలు వంటింట్లో నా అనుభవం

షుగర్ తగ్గించుకోవడానికి కీటో అనే, అన్నం దాదాపు మానేసి కొవ్వు ఎక్కువగా తినే తిండి మొదలుపెట్టిన మూడో నెలలోనే దీని గురించి రాయమని మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ అడిగారు. అప్పుడు రాసుంటే ఆకాశానికెత్తేదాన్ని. ఏడో నెలలో రాసుంటే ఎవరూ దీని జోలికి పోవద్దనేదాన్ని. ఇప్పుడు నాలుగేళ్లు దాటింది. రిపోర్టులన్నీ ఒక ఫైలులో ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకుని రాస్తున్నాను.

నాది కర్నూలు. వయసు 47. పక్క మండలంలో హైస్కూల్ టీచర్ని. 2021 దసరా సెలవుల్లో చేయించుకున్న పరీక్షలో హెచ్‌బీఏ1సీ 8.4 వచ్చింది. అది రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష. 6.5 వచ్చినా, దాటినా షుగర్ ఉన్నట్టే లెక్క. బరువు 81 కిలోలు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రోజుకు రెండు పూటలా వేసుకోమన్నారు. మా అమ్మకు షుగర్ వల్లే కాలి వేలు తీసేశారు. ఆమె కట్టు మార్చింది నేనే. అందుకే ఆ రిపోర్టు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా వైపు షుగర్ అనగానే ఎవరైనా చెప్పే మాట ఒకటే: "అన్నం మాని సంగటి తిను, జొన్న రొట్టె తిను." నేను రెండు నెలలు అదే చేశాను. పెద్ద తేడా రాలేదు. కారణం తర్వాత తెలిసింది. రాగి, జొన్న, కొర్ర ఏదైనా సరే, 100 గ్రాముల గింజలో 60 నుంచి 70 గ్రాముల దాకా పిండి పదార్థమే. పీచు ఎక్కువ, కొంచెం నిదానంగా అరుగుతాయి, అది నిజం. కానీ ఇంత లావు సంగటి ముద్ద, పక్కన ఇంకో అరముద్ద తింటే షుగర్ పెరగక ఏమవుతుంది? ధాన్యం మార్చాను గానీ కొలత మార్చలేదు.

2022 సంక్రాంతి అయిపోయాక కొవ్వు ఎక్కువ, పిండి పదార్థం చాలా తక్కువ ఉండే తిండిలోకి దిగాను. రోజుకు 30 గ్రాములలోపు పిండి పదార్థం. వండిన అన్నం 100 గ్రాముల్లోనే 28 గ్రాములు ఉంటుంది కాబట్టి అన్నం, రొట్టె, ఉగ్గాని, దోశ, పప్పు, పండ్లు అన్నీ బంద్. గుడ్లు, మాంసం, పనీర్, ఆకుకూరలు, నెయ్యి, కొబ్బరినూనె మాత్రమే. ఇది కొత్తగా పుట్టిన పద్ధతి కాదు. 1921లోనే అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టర్ మూర్ఛ వ్యాధికి ఈ ఆహారాన్ని సూచించారు, కీటోజెనిక్ అనే పేరు కూడా ఆయన పెట్టిందే. పిండి పదార్థం అందకపోతే కాలేయం కొవ్వును కీటోన్లుగా మారుస్తుంది, ఒంటికి, మెదడుకు అవి ఇంధనంగా పనికొస్తాయి. షుగర్‌కి, బరువుకి దీన్ని వాడటం తర్వాతి కాలపు సంగతి.

మొదటి రోజు పొద్దున స్టీలు గ్లాసులో కొబ్బరినూనె కొలుచుకుని, నిమ్మకాయ పిండుకుని తాగుతుంటే మా అత్త వంటింటి గడప దగ్గర నిలబడి చూసింది. "ఏమ్మీ, నూనె తాగుతాండావా?" అంది. ఆమెకు 74 ఏళ్లు. నూనె సీసా నెల తిరక్కుండానే అయిపోతే సంసారం చెడిందని నమ్మే కాలం మనిషి. ఆ రోజు ఆమె ఇంకేమీ అనలేదు గానీ మధ్యాహ్నం నా కంచంలో అన్నం లేకపోయేసరికి తనూ సరిగ్గా తినలేదు.

మొదటి వారంలోనే మూడున్నర కిలోలు తగ్గాను. సంబరపడ్డాను. అందులో చాలావరకు నీళ్లే అని తర్వాత అర్థమైంది. ఒంట్లో దాచుకున్న చక్కెరను గ్లైకోజెన్ అంటారు, దాని ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు ఉంటాయి. పిండి పదార్థం ఆపగానే ఆ నిల్వ కరిగి నీళ్లు బయటకు పోతాయి, వాటితో ఉప్పు కూడా పోతుంది. తలనొప్పి, పిక్కలు పట్టేయడం, మెట్లు ఎక్కితే గుండె దడ. చాలామంది ఇక్కడే మానేస్తారు. ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు, పల్చటి మజ్జిగ, పాయ రసం, వీటితో పది రోజుల్లో కుదుటపడింది.

రెండో వారంలో జరిగింది మాత్రం చిన్న సంగతి కాదు. దీన్ని జాగ్రత్తగా చదవండి. మూడో పీరియడ్, తొమ్మిదో తరగతిలో బోర్డు మీద లెక్క చేస్తున్నాను. రాసిన 7 నాకే వంకరగా కనిపించింది. చేయి వణుకుతోంది, బ్లౌజు వెన్ను తడిసిపోయింది, పిల్లలు ఏదో అంటున్నారు గానీ అర్థం కావడం లేదు. బ్యాగులోంచి షుగర్ మీటరు తీసి చూసుకుంటే 56కి పడిపోయింది. మధ్యాహ్న భోజనం వండే అక్క పరిగెత్తుకుంటూ వచ్చి గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర కలిపి తాగించింది. పావుగంటకు మనిషినయ్యాను.

తప్పు నాదే. తిండి మార్చానని డాక్టరుకు చెప్పలేదు. గ్లిమెపిరైడ్ మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. అన్నం ఆపేసి ఆ మాత్ర మాత్రం వేసుకుంటూ పోయాను. మరుసటి రోజు వెళ్లి చెబితే డాక్టరు ముందు మందలించారు, తర్వాత గ్లిమెపిరైడ్ ఆపి ఒక్క మెట్‌ఫార్మిన్ ఉంచారు. ఆయన చెప్పిన ఇంకో మాట కూడా ఇక్కడ రాస్తున్నాను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఈ తిండిలోకి దిగితే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు సొంతంగా మొదలుపెట్టే పని కాదిది. నా దగ్గరికి వచ్చి "మేడం, డైట్ చెప్పండి" అనేవాళ్లను మొదట నేను అడిగేది మీరు ఏ మాత్రలు వేసుకుంటున్నారని.

ఐదో నెలకు హెచ్‌బీఏ1సీ 6.2. బరువు 68. మోకాళ్ల నొప్పి పోయింది. మధ్యాహ్నం భోజనం తర్వాత కళ్లు మూతలు పడటం పోయింది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఆకలి పూటకోసారి తరుముకొచ్చేది కాదు. ఉదయం మూడు గుడ్లు, తోటకూర తింటే రెండు గంటల దాకా తిండి ఆలోచనే ఉండేది కాదు.

అదే సమయంలో దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. బరువు ఒక్కసారిగా తగ్గితే మూడు నెలలకు జుట్టు రాలుతుందట, ఏడాదిలోపు తిరిగి వచ్చింది. నోట్లో ఒక రకమైన వాసన. మలబద్ధకం. ఎండాకాలం కర్నూలులో ఈ తిండి తినడం ఇంకా కష్టం. 43 డిగ్రీల ఎండలో బస్సు దిగి ఇంటికొచ్చాక మాంసం కూర చూస్తే లోపలికి పోదు. పుచ్చకాయ ముక్క, మజ్జిగన్నం కావాలనిపిస్తుంది. ఆ మే నెలలో రెండుసార్లు ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

శ్రావణమాసం వచ్చింది. మా ఇంట్లో నెలంతా నీచు వండరు, గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. పనీర్, కొబ్బరి, నెయ్యితో నెట్టుకొచ్చాను. అప్పుడే వచ్చింది ఆ రిపోర్టు. చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, మొదట 118 ఉండేది 194 అయింది. రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్స్ మాత్రం 230 నుంచి 120కి తగ్గాయి. ఒకటి బాగుపడితే ఇంకోటి చెడింది. ఈ తిండి తినే అందరికీ ఎల్‌డీఎల్ పెరగదు, కానీ కొందరికి గట్టిగా పెరుగుతుంది, నేను ఆ కొందరిలో ఉన్నాను. "షుగర్ తగ్గింది కదా, కొలెస్ట్రాల్ గురించి టెన్షన్ పడకు" అని చెప్పినవాళ్లు ఉన్నారు. మా నాన్న గుండెపోటుతో పోయారు. నేను అలా వదిలేయలేను.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఏ నూనె?" రోజుకు 70 గ్రాముల దాకా కొబ్బరినూనె, నెయ్యి కలిపి అన్నాను. కొబ్బరినూనెలో 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వు, ఎల్‌డీఎల్‌ను పెంచేది అదే. చెనిక్కాయ, అంటే వేరుశనగ నూనెలో అది ఐదో వంతు కూడా ఉండదు. ఆ మాట విన్నాక ఆటోలో ఇంటికి వస్తూ చాలాసేపు ఆలోచించాను. చుట్టూ పత్తికొండ, ఆలూరు, పక్కన అనంతపురం, అన్నీ చెనిక్కాయ పండే నేలలు. మా పుట్టింట్లో ఇప్పటికీ గానుగ నూనె పోయకుండా తాలింపు వేయరు. నేను మాత్రం ఎక్కడో ఎవరో రాసిన మెనూ పట్టుకుని, కేరళ నూనె సీసాలు మోసుకొచ్చి తాగుతున్నాను.

ఆ వారమే నూనె తాగడం ఆపేశాను. అప్పటినుంచి నా తిండి వేరే దారిలో నడిచింది, ఈ నాలుగేళ్లలో మూడున్నరేళ్లు ఆ దారిలోనే ఉన్నాను. ఇప్పుడు దీన్ని కీటో అనడం కూడా సరికాదు. రోజుకు 80 నుంచి 100 గ్రాముల మధ్య పిండి పదార్థం ఉంటుంది. కూరల్లో చెనిక్కాయ నూనె, అదీ మామూలు వంటకు ఎంత కావాలో అంతే. నెయ్యి ఒక చెంచా. వేయించిన చెనిక్కాయలు రోజూ ఒక గుప్పెడు. 100 గ్రాముల చెనిక్కాయల్లో 48 గ్రాముల కొవ్వు, 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పిండి పదార్థం 16 గ్రాములు, అందులోనూ సగం పీచే. కానీ గుప్పెడు అంటే గుప్పెడే. టీవీ ముందు గిన్నె పెట్టుకుని కూర్చుంటే లెక్క తప్పుతుంది, ఒక నెల అలా తప్పి రెండు కిలోలు పెరిగాను. మటిక్కాయలకు (గోరుచిక్కుడు) చెనిక్కాయ పొడి చల్లి పొడి కూర చేస్తాను. గోంగూరలో మాంసం, చుక్కకూరలో గుడ్లు. ఆదివారం నాటుకోడి పులుసు ఉంటే అందరికీ సంగటి, నాకు నిమ్మకాయంత సంగటి, మిగతాదంతా పులుసులో ముక్కలు.

జొన్న రొట్టె తిరిగి తెచ్చుకోవడం నాకు పెద్ద సంగతి. సాయంత్రం మా అత్త పీట మీద రొట్టె తడుతుంటే ఆ చప్పుడు హాల్లోకి వినిపిస్తుంది. ఆ ఏడు నెలలు ఆ సమయానికి నేను మేడ మీదికి వెళ్లిపోయేదాన్ని. ఒక రోజు మీటరు పక్కన పెట్టుకుని, సగం రొట్టె, గిన్నెడు గోంగూర, ఊరిబిండి పచ్చడి తిన్నాను. రెండు గంటల తర్వాత 138. ఇంకో రోజు నిండు రొట్టె: 171. కొలిచి వండిన 200 గ్రాముల అన్నం, పప్పు: 214. ఇవి నా ఒంటి లెక్కలు, మీకు ఇలాగే రావాలని లేదు. మీటరు, స్ట్రిప్స్‌కు పెట్టిన డబ్బు మాత్రం దండగ కాదు. ఎవరి సలహా కంటే అవే నాకు ఎక్కువ నేర్పాయి. ఇంకోటి కూడా గమనించాను: ముందు కూర, గుడ్డు తినేసి ఆఖరున రొట్టె ముట్టుకుంటే షుగర్ ఇంకొంచెం తక్కువ వస్తుంది.

ఖర్చు గురించి చాలామంది అడుగుతారు. కఠినంగా ఉన్న నెలల్లో నా ఒక్కదానికే 7 వేలకు పైగా అయ్యేది. మటన్, పనీర్, నెయ్యి ఏదీ చవక కాదు. ఇప్పుడు గుడ్లు, చెనిక్కాయలు, సి.క్యాంపు రైతుబజారు ఆకుకూరలు కాబట్టి నెలకు 3 వేలు దాటదు. వంట రెండు రకాలుగా చేయాల్సిన పని కూడా తగ్గింది. కూర అందరికీ ఒకటే, నేను ఎక్కువ వేసుకుంటాను. వంట చేసే ఆడవాళ్లకు ఈ ఒక్క తేడా ఎంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు.

పెళ్లిళ్లు ఇప్పటికీ కష్టమే. ఆకులో ఓళిగ (బొబ్బట్టు) వేసి పైన నెయ్యి పోసి, "ఒక్కటి తిను వదినా, ఏం కాదు" అంటారు. మొదటి ఏడాది ఆ మాటకు చిరాకు పడి దగ్గరివాళ్లతోనే మాట పెంచుకున్నాను. ఇప్పుడు సగం ఓళిగ తిని, అన్నం వద్దంటాను.

ఇప్పటి లెక్కలు ఇవి. బరువు 71, అంటే తగ్గినదాంట్లో మూడు కిలోలు తిరిగి వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 6.4కు అటూ ఇటూ. మెట్‌ఫార్మిన్ ఒక పూట. ఎల్‌డీఎల్ 126, షుగర్ ఉన్నదాన్ని కాబట్టి 100 లోపు ఉండాలంటున్నారు డాక్టరు. ఈసారీ తగ్గకపోతే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకుంటానని ఒప్పుకున్నాను. షుగర్ పూర్తిగా నయమైందని నేను ఎవరికీ చెప్పను, వరసగా మూడు రోజులు రెండు పూటలా నిండా అన్నం తింటే మీటరు 200 దాటుతుంది. వచ్చే నెల రక్తపరీక్ష ఉంది. పనీర్ పూర్తిగా ఆపి, దాని బదులు వారానికి రెండు రోజులు తుంగభద్ర చేపలు తింటున్నాను. ఈ మార్పు చేశాక అదే మొదటి రిపోర్టు.